అరకు ట్రిప్: బస ఎక్కడ?

అందరికీ నమస్కారం. మూడు రాత్రులూ అరకులోనే ఉందామని ఎక్కువమంది అన్నారు. రోజూ లగేజీ సర్దే పని తప్పుతుంది, నిజమే. కానీ పాడేరు దగ్గరున్న వంజంగిలో మబ్బుల సముద్రం చూడాలంటే సూర్యోదయానికి కొండ మీద ఉండాలి. అంత చీకట్లో, పొగమంచులో, పిల్లల్ని ఎక్కించుకుని అరకు నుంచి పాడేరు దాకా ఘాట్ రోడ్డులో వెళ్లడం నాకు ఇష్టం లేదు. అందుకే రెండు రాత్రులు అరకు, మూడోది పాడేరు పెట్టుకుందాం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కి.మీ., బొర్రా గుహలు దారిలోనే. వంజంగి చూశాక చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగిపోతే వచ్చిన దారినే తిరిగి రానక్కర్లేదు. లంబసింగిలో ఇంకో బస మాత్రం వద్దు, పెద్దవాళ్లు అలిసిపోతారు. శీతాకాలం వీకెండ్‌లో గదులు దొరకడం కష్టం, రేపు సాయంత్రంలోగా చెప్పండి.