అమ్మకి, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నాన్నకి

అమ్మా,

మొన్న ఫోన్‌లో గొంతు అలా ఉందేంటని అడిగితే జలుబు అన్నా కదా, జలుబు కాదు, అప్పటికి మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. ఇప్పుడు బాగున్నా, నిన్న పదకొండు గంటలు పడుకున్నా, ఇక కంగారు పడకు. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దన్నారుగా, ఎక్కుతూనే ఉన్నావా?

పని సంగతి ఏంటంటే, అయస్కాంతం లోపల ఒక్కో పరమాణువుకి స్పిన్ అని ఉంటుంది, అదే ఓ చిట్టి అయస్కాంతం అనుకో, ఆ పరమాణువు కుదురుగా ఉండదు, వణుకుతూనే ఉంటుంది. వణికితే పక్కదానితో దూరం మారుతుంది, దూరం మారితే స్పిన్‌ల మధ్య పట్టు మారుతుంది, స్పిన్ తిరగబడితే ఆ శక్తి మళ్ళీ వణుకులోకి పోతుంది. దీన్ని క్వాంటమ్ లెక్కల్లో కంప్యూటర్ మీద నడపాలి. ఒక్కో స్పిన్‌కి రెండు దిక్కులు, ఒక్కో వణుకుకి నాలుగంటే నాలుగే మెట్లు పెట్టుకున్నా, అంటే పరమాణువుకి ఎనిమిది, 8 పరమాణువులకి 1 కోటి 67 లక్షల స్థితులు, 12కి వెళ్తే దాదాపు 6,872 కోట్లు. అందుకే ఇంకా అవ్వలేదా అంటే కోపం వచ్చేది, నీ మీద కాదమ్మా.

అన్ని స్థితుల ప్రాబబిలిటీలు కలిపితే సరిగ్గా 1 రావాలి. నాకేమో ముందు 1.0003, గంట తర్వాత 1.02, అలా పెరుగుతూనే పోయింది. టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగుకి ముందుకెళ్ళే సమయం, తగ్గించా, వేరే మెషీన్‌లో వేసి చూశా, ఏం లాభం లేదు. చివరికి చూస్తే సమీకరణంలో స్పిన్ తిరిగి వణుకు పుట్టే ముక్క (టర్మ్) రాశా, వణుకు ఇంకి స్పిన్ వెనక్కి తిరిగే టర్మ్ రాయలేదు! నాన్న డైరీలో జమ రాసి ఖర్చు రాయకపోతే మొత్తం ఎలా పెరుగుతుందో అలా. ఒక్క లైను చేర్చా, 1.0000, తెల్లారేదాకా కదల్లేదు. పక్కన చెప్పుకోడానికి ఎవరూ లేరు, మీరేమో పడుకుని ఉంటారు, స్క్రీన్ చూస్తూ ఏడుపొచ్చేసింది.

చెల్లి పరీక్షలు ఎలా రాసింది? మెసేజ్ పెడితే చూసి వదిలేస్తోంది.

ఇదంతా దేనికని నాన్న అడిగారట. స్పిన్‌లో సమాచారం దాచుకోవాలంటే దాన్ని చెరిపేసేవాటిలో ఈ వణుకూ ఒకటి, అది ఎలా చెరుపుతుందో తెలిస్తేనే ఆపగలం. ఐన్‌స్టీన్, డి హాస్ అనే ఇంకో శాస్త్రవేత్త కలిసి 1915లోనే దారానికి వేలాడదీసిన ఇనుప కడ్డీ అయస్కాంతత్వం తిప్పేస్తే కడ్డీ మొత్తం మెలి తిరగడం చూశారు, అంటే స్పిన్‌ల తిరుగుడు కడ్డీలోకి వెళ్ళిందన్నమాట. అంత దూరం కూడా వద్దు, మన సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటుంది కదా, చిన్నప్పుడు నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని అటు దాటించేవారు. లోపల ఇనుము అయస్కాంతమైనప్పుడల్లా పిసరంత సాగి మళ్ళీ సర్దుకుంటుంది, ఆ మోతే అది. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, ఏ దిక్కున మారినా సాగడం ఒకటే కాబట్టి మోత సెకనుకి 100 సార్లు.

ఈసారి అటు వెళ్ళినప్పుడు దూరం నుంచే ఫోన్‌లో రికార్డ్ చేసి పంపమను, మోతలో సెకనుకి ఎన్ని సార్లు ఊగేది ఎంత ఉందో చూపే గ్రాఫ్ గీసి, 100 దగ్గర గీత వస్తుందో లేదో ఇక్కడ చూస్తా.

నీ బుజ్జి