స్కైలాక్స్‌ది కారియా

మాన్య సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సింధునది చరిత్రపై వచ్చిన వ్యాసంలో, పారశీక చక్రవర్తి మొదటి డేరియస్ పంపగా ఆ నది వెంట సముద్రం దాకా వెళ్లి, అక్కడి నుంచి పడమరకు తిరిగి ముప్ఫయ్యో నెలలో ఈజిప్టు చేరిన స్కైలాక్స్‌ను ‘గ్రీకు నావికుడు’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. వ్యాసం శ్రద్ధగా రాసినదే గానీ, ఆ మాటతో ఒక జాతి పేరే పాఠకుల కంటపడకుండా పోయింది.

ఈ ప్రయాణాన్ని నమోదు చేసిన ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, స్కైలాక్స్‌ది కార్యాండా అని చెప్పాడు. అది నేటి టర్కీ నైరుతి మూలనున్న కారియా దేశపు ఊరు. ఆ తీరపు ఊళ్లలో గ్రీకు భాష బాగా వ్యాపించిన మాట, స్కైలాక్స్ కూడా గ్రీకులోనే రచన చేసిన మాట నిజమే. అంతమాత్రాన కారియా గ్రీకు దేశం కాదు. కారియన్ల మాతృభాష ఆ ప్రాంతపు పురాతన భాషలైన హిట్టైటు, లిసియన్‌లకు చుట్టం. వారిని ఏలిన పారశీకులే ఈ తేడాను పాటించారు: సూసా నగరంలో డేరియస్ కట్టించిన రాజభవనపు శాసనంలో, లెబనాను దేవదారు దూలాలను బాబిలోను నుంచి సూసాకు చేర్చినవారు ‘కర్కులు, యౌనులు’ అని ఉంది. కర్కులంటే కారియన్లు, యౌనులంటే గ్రీకులు. కూలివాళ్ల లెక్కలోనైనా ఇద్దరినీ విడివిడిగా రాయించిన రాజుకున్నపాటి పట్టింపు మనకు ఉండవద్దా?

కారియన్ల లిపి కథ గుంటూరు సీమవారికి సులభంగా బోధపడుతుంది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించిన భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీది అక్షరాలు చూడటానికి బ్రాహ్మిలాగే ఉంటాయి. కానీ అశోకుని శాసనాల్లో ‘కా’ అని చదివే గుర్తును ఇక్కడ ‘క’ అని చదవాలి. కారియన్ లిపిలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. గ్రీకును పోలిన అక్షరాలకు గ్రీకు ఉచ్చారణే ఇచ్చి చదివినంతకాలం పండితులకు అర్థంలేని మాటలే మిగిలాయి. ఈజిప్టులో కిరాయి సైనికులుగా స్థిరపడిన కారియన్ల సమాధి రాళ్ల మీద ఒకే మనిషి పేరు ఈజిప్టు లిపిలోనూ కారియన్ లిపిలోనూ ఉండటం గమనించి, 1980లలో ఈజిప్టు చరిత్ర పండితుడు జాన్ రే వాటి అసలు ధ్వనులను రాబట్టాడు. 1996లో కారియాలోని కౌనోస్‌లో దొరికిన కారియన్-గ్రీకు ద్విభాషా శాసనం ఆ పఠనాన్ని ధ్రువపరిచింది.

వీరు అణిగిమణిగి పడి ఉన్న ప్రజలూ కారు. క్రీ.పూ. 499లో పారశీకుల మీద అయోనియా గ్రీకులు మొదలుపెట్టిన తిరుగుబాటులో చేరి, మార్సియాస్ నది దగ్గర పదివేల మందిని పోగొట్టుకున్నారని హెరొడోటస్ రాశాడు. అయినా లొంగక, తరువాత పెడాసస్ దారిలో రాత్రివేళ మాటువేసి పారశీక సేనను, దాని సేనానులతో సహా తుడిచిపెట్టారు. మరో శతాబ్దం గడిచాక పారశీకుల తరఫున కారియాను ఏలిన మౌసోలస్ సమాధి సప్తాద్భుతాలలో చేరింది. ఘనమైన సమాధి మందిరాన్ని చెప్పే మాసోలియం అన్న మాట అతని పేరు నుంచే వచ్చింది.

నేను ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్లు ఉత్తరాదిలో ఉన్నాను. తెలుగువాణ్నని ఎన్నిసార్లు చెప్పినా, అక్కడివారికి చివరిదాకా ‘మదరాసీ’గానే మిగిలాను. స్కైలాక్స్ పేరు పక్కన ‘గ్రీకు’ అన్న మాట చూడగానే నాకు ఆ పిలుపే గుర్తుకొచ్చింది.

కాబట్టి వచ్చే ఆదివారం సంచికలో ‘గ్రీకు నావికుడు’ అన్నచోట ‘కారియా దేశంలోని కార్యాండాకు చెందిన నావికుడు’ అని చదువుకోవలసిందిగా ఒక చిన్న సవరణ ప్రచురించవలసిందని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు