జోడేఘాట్‌కు సైకిల్ మీద

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ దోస్తూ,

ఎలా ఉన్నావురా? ఫోన్‌లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుందని, కూర్చుని కాగితం మీదే రాస్తున్నా. తొడలు ఇంకా పట్టేసే ఉన్నాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మనసు మాత్రం ఆ గుట్టల మీదే ఉండిపోయింది. పోయొచ్చానురా, కొమురం భీం ప్రాణం వదిలిన జోడేఘాట్‌కు. సైకిల్ మీదే.

ఇంటర్ సెలవుల్లో మనిద్దరం రామప్పకు పోయింది గుర్తుందా? నీది మీ నాన్న సైకిల్, నాది మా మామయ్య పాతది. ములుగు దాటాక నీళ్లైపోయి, బోరింగు దగ్గర తలలు తడుపుకొని, గుడి చేరగానే చెట్టు కింద పడి నిద్రపోయాం. లేచాక నువ్వన్న మాట "ఒకసారి ఆదిలాబాద్ గుట్టలు కూడా ఎక్కుదాంరా" అని. నువ్వు పుణె నుంచి వస్తావు, వస్తావు అని ఇన్నేళ్లు ఆగాను. ఈసారి దీపావళికి ముందు రెండు రోజులు సెలవు దొరికేసరికి ఇక ఆగబుద్ధి కాలేదు.

ముందురోజు కాజీపేటలో రైలెక్కాను. చక్రాలు రెండూ విప్పి, ఫ్రేముకు కట్టి, గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లా. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే మళ్లీ బిగించుకున్నా. పేరులో ఆసిఫాబాద్ ఉందే గానీ ఊరు అక్కడికి చాలా దూరం. చీకటి పడేలోపు ఊరు చేరి లాజ్‌లో పడుకున్నా.

పొద్దున అయిదున్నరకు బయల్దేరాను. చలి మొదలైందిరా అక్కడ. చలికాలం వార్తల్లో గిన్నెధరి, సిర్పూర్ (యు) అని వింటుంటాం చూడు, ఆ ఊళ్లన్నీ ఈ చుట్టుపక్కలవే. చేతివేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. వెలుతురు వచ్చేసరికి రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు, అప్పుడే పగిలిన కాయలు. ఆటోల్లోంచి రాలిన దూది రోడ్డు అంచున గడ్డికి అంటుకుని, మంచుకు తడిసి, చిన్న చిన్న ముద్దలైపోయి ఉంది. అది చూస్తూ చూస్తూనే కెరమెరి వచ్చేసింది. అక్కడ హోటల్లో పొద్దుటి టిఫిన్ పోహా. మహారాష్ట్ర పక్కనే కదా. రెండు ప్లేట్లు తిన్నా.

హట్టి దగ్గర జోడేఘాట్ వైపు తిరిగాక అసలు కథ. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరులో పెట్టుకున్నా. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకే చుట్టు, బండి రెండు మీటర్ల పైన కొద్దిగా కదులుతుంది. కిలోమీటరుకు ఇంచుమించు 475 చుట్లు తొక్కాలి. నేను వంద లెక్కపెట్టడం, నీళ్లు ఒక గుటక, మళ్లీ వంద. నీకు చెప్పాల్సిందేమిటంటే, ఎక్కేటప్పుడు పైకి చూడకూడదు. ముందు చక్రం ఆనే చోటు చూస్తూ తొక్కితే ఊపిరి దానంతటదే ఒక లయలో పడుతుంది. ఒక్కసారి తలెత్తి మలుపు పైన ఇంకో మలుపు చూశానా, కాళ్లు అక్కడే చచ్చుబడిపోయాయి. దిగి, సైకిల్ టేకు చెట్టుకు ఆనించి, అమ్మ కట్టిచ్చిన సర్వపిండి ముక్క నములుతూ నిలబడ్డా. నువ్వుల వాసన, ఎండుతున్న టేకాకుల చప్పుడు, ఎక్కడో కొండముచ్చుల అరుపు. ఇంకేం లేదు.

అక్కడ నిలబడ్డప్పుడే ఒకటి తట్టింది. కొమురం భీం అంటే మనకు బడిలో నాటకం, గోడ మీద బొమ్మ, "జల్ జంగల్ జమీన్" అన్న మాట. పన్నెండు గూడేల భూమి మాది, అడవి మాది అని నిజాం మీద తిరగబడ్డాడని పరీక్షలో రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆయన ఎందుకు ఈ కొండనే పట్టుకున్నాడో మాత్రం మనం ఎప్పుడూ ఆలోచించలేదు. తార్రోడ్డు మీద, గేర్ల సైకిల్ మీద, పొట్టనిండా తిని వచ్చిన నాకే గుండె గొంతులోకి వచ్చింది. 1940లో రోడ్డు లేని ఆ అడవిలో ఎక్కడం తెలిసింది గూడెంవాళ్లకే కదా. కిందినుంచి ఎవరొచ్చినా పైనున్నవాళ్లకు ముందే కనిపిస్తారు. జీపులో వచ్చుంటే ఆ ఏటవాలు నాకు తెలిసేదే కాదురా.

పైన స్మారకం దగ్గర భీం విగ్రహం ఉంది, పక్కన 2016లో తెరిచిన మ్యూజియం. చెప్పులు విప్పి ఆయన ముందు కాసేపు కూర్చున్నా. ఆశ్వయుజ పున్నమికి వర్ధంతి జరిగి కొన్నాళ్లే అయింది. దండల పూలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. భీం చావు తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల కష్టమేంటో కనుక్కోమని హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టిన మనిషి, భార్య బెట్టీతో కలిసి వచ్చి మర్లవాయిలో వీళ్ల మధ్యే ఉన్నాడు. ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. గుస్సాడీ అనే గోండు నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిది కూడా మర్లవాయే. 2024లో పోయారు. అక్కడిదాకా పోవాలని చాలా అనుకున్నా, పొద్దు చాలలేదు.

ఎందుకు చాలలేదో చెప్తా. దిగడం మొదలుపెట్టిన కాసేపటికే ఒక గూడెం ముందు వెనక టైరు మెత్తబడింది. కొత్త ట్యూబు ఒకటి ఉంది గానీ పొద్దున దాని వాల్వు విరిగింది, టెన్షన్ పట్టుకుంది. చక్రం విప్పి కూర్చుంటే ఒక తాత వచ్చాడు. "రాం రాం తాతా" అన్నా. "రాం రాం" అని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లోపలికి పోయి వెడల్పాటి గిన్నెలో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎన్ని పంచర్లు చూశాడో! గాలి కొట్టి ట్యూబును గిన్నెలో ముంచి తిప్పుతున్నా. బుడగలు నాకంటే ముందు ఆయనకే కనిపించాయి, వేలు సరిగ్గా అక్కడే పెట్టాడు. టైరు లోపల బొటనవేలితో తడుముతూ పోతే తుమ్మ ముల్లు గుచ్చుకుంది, మొన తప్ప ఇంకేం మిగల్లేదు. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాం, ఆయనో వైపు, నేనో వైపు.

ప్యాచ్ అతికించేలోపే డప్పులు వినపడ్డాయి. దండారిరా! దీపావళి రోజుల్లో గోండులు గూడెం గూడెం తిరిగి ఆడే ఆట. పక్క గూడెంవాళ్లు ఈ గూడేనికి విడిదికి వస్తున్నారు. ముందు డప్పులు, తుడుం, పెప్రె అనే సన్నాయి. వెనక గుస్సాడీలు, ఒంటినిండా బూడిద చారలు, తలమీద నెమలి ఈకల టోపీలు. ఒకాయన నా పక్కనుంచే పోయాడు. ఎన్ని నెమలి కన్నులో, అడుగు వేస్తే చాలు, అన్నీ ఒకేసారి వణికాయి. టోపీ బరువుకు మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కాలి గజ్జెలు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. తాత నా చేయి పట్టుకుని లాక్కెళ్లి తింటేగానీ కదలనివ్వలేదు. జొన్న గట్క, పప్పు. గంటన్నర అక్కడే గడిచిపోయింది. మర్లవాయి పోతే పోనీ అనుకున్నా.

దిగేటప్పుడు బ్రేకులు రెండూ మార్చి మార్చి పట్టుకుంటూ వచ్చా. మధ్యలో ఆగి రిమ్ము తాకితే చురుక్కుమంది. ఆసిఫాబాద్ చేరేసరికి దీపాలు పెట్టేశారు.

ఇక విను. ఈ మధ్యాహ్నం మీ ఇంటికి పోయా. అమ్మ బాగుంది, నువ్వు ఫోన్ చేయట్లేదని అలిగింది, చెయ్యి. అటకమీద నీ సైకిల్ కిందికి దింపించా. ఫ్రేము గట్టిగానే ఉంది, వెనక టైరు పగుళ్లు పట్టింది, చెయిన్ తుప్పు. రేపు షాపులో ఇచ్చి రెండూ మార్పించి, ఘాట్‌కు పనికొచ్చే గేర్లు పడతాయేమో అడుగుతా. వచ్చే దండారికి పది రోజుల ముందే టికెట్ చేసుకో. ఈసారి తిన్నగా మర్లవాయికే పోదాం. సీటు ఎంత ఎత్తు పెట్టించాలో నీ కాలు కొలిచి రాయి, నడుం దగ్గర్నుంచి మడమ దాకా కాదు, తొడల సందు నుంచి మడమ దాకా.

నీ,
రామప్ప చెట్టు కింద నీ పక్కన నిద్రపోయినవాడు