మంత్రి గారూ, పెయ్యదూడకి మూడేళ్లు కావాలి

వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల మంత్రి గారికి నమస్కారం.

మా కొట్టంలో వారం క్రితం ఒక పెయ్యదూడ పుట్టింది. దగ్గరికెళ్తే చాలు, పాలనుకుని నా వేళ్లు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. దాన్ని ఉంచుకోవాలా, అమ్మేయాలా? ఈ నెలలోనే తేల్చుకోవాలి. ఉంచుకుంటే అది పెరిగి, ఎదకొచ్చి, చూడి కట్టి, ఈనేసరికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. కడుపు మోసే తొమ్మిది నెలలు ఏ ఉత్తర్వుకీ తగ్గవు కదా. అన్నాళ్లూ అది తినడమే తప్ప చుక్క పాలివ్వదు.

మీ విధానాలు మాత్రం సీజన్‌కి ఒకలా మారుతున్నాయి. మాకు ఎక్కువ దెబ్బ తగిలేది పశువుల కోసం తెచ్చిన వాటి వల్ల కాదు, పంటల కోసం తెచ్చిన వాటి వల్ల. పాల ఖర్చులో సగానికి పైగా మేత, దాణాలదే. మొక్కజొన్నను పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి మళ్లిస్తే దాణా గింజకి పోటీ పెరుగుతుంది. మిగిలిన పిప్పి మేతకి పనికొస్తుందంటారు, నిజమే. కానీ అది గింజ తూకంలో సుమారు మూడో వంతే, పిండిపదార్థం దాదాపు అంతా పోయాక మిగిలింది. పొట్టి వంగడాలతో గింజ దిగుబడి పెరిగింది, గడ్డి ఆ లెక్కన పెరగలేదు. నూనెగింజలు పండించడం మానేసి నూనె దిగుమతి చేసుకుంటే నూనె వస్తుంది, గింజ ఆడాక మిగిలే, పశువులకి పెట్టే చెక్క రాదు. ఈ నిర్ణయాలు తీసుకునేటప్పుడు పశువుల గాడి వైపు ఎవరైనా చూశారా అని నా బాధ.

యూరప్‌లో 1984లో పెట్టిన పాల కోటాలను, అంటే ఇంతకు మించి పాలు ఉత్పత్తి చేయొద్దనే పరిమితులను, 2015 మార్చి 31న ఎత్తేశారు. ఆ సంగతి ఏళ్ల ముందే చెప్పి, కోటాలను ఏటా ఒక శాతం చొప్పున పెంచుతూ వచ్చారు. అయినా పాల రేటు పడిపోయింది. పాలు తగ్గించుకున్న రైతులకి 2016లో డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. అంత ముందు చెప్పినా అలా అయితే, రాత్రికి రాత్రి మార్చేస్తే మేం ఏమైపోవాలి? నష్టమొస్తే ఫ్యాక్టరీకి తాళం వేయొచ్చు. పొదుగు నిండిన ఆవుని తెల్లారేసరికి పిండాల్సిందే.

మీరు మార్పులు చేయొద్దని అనను. పంటల విధానం ఏది మార్చినా మేత, దాణాల మీద దాని ప్రభావం ఎంతో ముందే లెక్క కట్టి బయటపెట్టండి. అమలుకి కనీసం మూడేళ్లు గడువివ్వండి. ఆ మధ్యలో రేటు పడితే, పెయ్యల్ని సాకుతున్న వాళ్లకి మేత ఖర్చు ఇవ్వండి. పెయ్యలు అమ్ముడైపోయాక ఎంత సాయం ప్రకటించినా మంద తిరిగి నిలబడటానికి మళ్లీ మూడేళ్లు.

దూడ సంగతి నెలాఖరులోగా తేల్చాలి. ఈలోగా మీ మాట కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక పాడి రైతు