కాలువ గట్టున ఆగిన పాడె
సమాన హక్కులు దక్కనివారు యుద్ధంలో దేశం కోసం ఎందుకు ప్రాణాలొడ్డుతారన్న ప్రశ్నకు జవాబు మా కోనసీమ కాలువ గట్ల మీదే ఉంది. 1971 యుద్ధంలో పోరాడిన మా పక్క ఊరి దళిత సైనికుడు నిరుడు వానల్లో మరణిస్తే, శ్మశానానికి దారి లేక పాడెను మోకాలి లోతు వరిచేలో మోసుకెళ్లాం. ఈ నేల తనది కూడానని, ఆ మాట ఎవరూ కాదనలేకుండా చేయాలనే సైన్యంలో చేరానని ఆయన నాతో చెప్పేవారు. జీతం కోసమే వెళ్లారనేవారికి ఈ సంగతి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన జపాన్ సంతతి పౌరులను ముళ్లకంచెల శిబిరాల్లో నిర్బంధిస్తే, అలాంటి కుటుంబాల యువకులే అమెరికా సైన్యపు 442వ రెజిమెంటులో చేరి యూరప్‌లో నెత్తురోడ్చారు. తెల్లవారితో కలవనీయక విడి దళాల్లో ఉంచితే, అక్కడే పోరాడిన నల్లజాతి సైనికులకు సైన్యంలో సమానత్వమిచ్చే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు యుద్ధం ముగిశాక, 1948లో గానీ రాలేదు. మనమూ అంత ఆలస్యం చేయాలా? కాలువలకు నీళ్లు ఆపేసే వచ్చే వేసవిలోనే డెల్టా జిల్లాల కలెక్టర్లు దళితవాడల శ్మశానాలకు దారులు వేయించాలి. ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఊరి సైనికులందరి పేర్లు ఒకే శిలాఫలకంపై చెక్కించాలి.
– ఒక పాఠకుడు, అమలాపురం