గబ్బిలం రెక్క, టేకు చేప రెక్క

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల సైన్సు క్లాసులో ఎనిమిదో తరగతి పిల్లలు పండ్లు తినే పెద్ద గబ్బిలాన్నీ, సముద్రంలో బతికే టేకు చేపనూ (ఇంగ్లీషులో స్టింగ్‌రే) పోల్చి చూశారు. మన అనంతపురం పిల్లల్లో చాలామంది సముద్రమే చూడలేదు. గబ్బిలాలైతే బడి గోడ అవతల చింతచెట్టుకే వేలాడుతుంటాయి. అందుకే వాటితో మొదలుపెట్టాం.

బొమ్మల్లో రెండూ రెక్కలు చాచి ఎగురుతున్నట్టే ఉంటాయి. గబ్బిలం రెక్కలో మన చేతిలో ఉన్నవన్నీ ఉన్నాయి: మోచెయ్యి, మణికట్టు, వేళ్లు. నాలుగు వేళ్లు బాగా పొడుగు సాగి, వాటి మధ్య పలుచని చర్మం పరుచుకుంది. బొటనవేలు మాత్రం కొమ్మను పట్టుకోవడానికి విడిగా, గోరుతో ఉంటుంది. టేకు చేపకు వేళ్లే కాదు, ఒంట్లో ఎముకే లేదు. సొరచేపకు లాగా అంతా మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలో ఉండే లాంటి మెత్తని పదార్థం. దాని పక్క వాజాలు (ఈదే రెక్కలు) తలదాకా అతుక్కుని పళ్లెంలా వెడల్పయ్యాయి.

ఈ గబ్బిలం రాత్రిపూట కళ్లతో, వాసనతో పండును కనిపెడుతుంది. టేకు చేపకు కళ్లు పైన, నోరు కింద. ఇసుకలో దాగిన పీత ఒంటి నుంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును బట్టి దాన్ని పట్టేస్తుంది. పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. టేకు చేప గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపులో ఉండగానే పాలలాంటి ద్రవంతో వాటిని పోషిస్తుంది. గబ్బిలం తల్లి కన్నాక పాలు ఇస్తుంది, మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లకే.

చింతచెట్టు మీది గబ్బిలాలను టపాసులు కాల్చి తరిమేయమని కొందరు అడిగారు. పిల్లల ఆరోగ్యం గురించి మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, అయినా ఆ పనికి నేను ఒప్పుకోలేను. మర్రి, రావి విత్తనాలను దూరదూరాలకు మోసేవి ఇవే. ఇంత ఎండిన నేలలో ఆ సాయం చిన్నది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకప్పుడు వీటిని హాని చేసే జీవాల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు.

జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గబ్బిలం కొరికిన జామ, సపోటా లాంటి పండ్లు పిల్లల్ని తిననివ్వకండి. కింద పడిన గబ్బిలాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. కరిచినా, గీరినా సబ్బుతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లలు వేసిన చార్టులు వరండాలో అంటించాం. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు ఓ పది నిమిషాలు అక్కడ ఆగండి, మీ పిల్లలే వివరంగా చెబుతారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు