పెద్దవాళ్లకు నొప్పి మాత్ర ఇచ్చేముందు ఒక్క మాట అడగండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎండలు ముదరకముందే ఈ విషయం మీ పత్రికలో వస్తే కొందరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గుంటూరు, పట్టాభిపురం. మా అమ్మకు 76 ఏళ్లు. బక్కపలచటి మనిషి, 45 కిలోలు కూడా ఉండదు. బీపీకి రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటుంది. టెల్మిసార్టాన్‌తో పాటు ఒంట్లో నీరు తీసే మందు కూడా కలిసి ఉండే మాత్ర అది. మోకాళ్ల నొప్పులు ఎటూ ఉన్నవే.

కిందటేడు మే నెలలో బంధువుల పెళ్లికి వెళ్లొచ్చాక అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు మజ్జిగ కూడా సయించలేదు. అయినా బీపీ మాత్ర మానలేదు. ఒక్క పూట కూడా మానకూడదని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది మేమే. పెళ్లిలో తిరిగిన అలసటకు మోకాళ్లు వాచాయంటే వీధి చివర మందుల షాపుకి నేనే వెళ్లాను. "మోకాళ్ల నొప్పికి ఏమైనా ఇవ్వండి" అన్నాను. "ఎన్ని కావాలండీ?" అన్నారు. పది కత్తిరించి ఇచ్చారు. అక్కడ వినిపించిన ప్రశ్న అదొక్కటే. ఎవరికి, వయసెంత, ఇంకేం మందులు వాడుతున్నారు అని వాళ్లు అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. మూడో రోజుకి అమ్మ మగతగా పడి ఉంది. ముందు రోజు రాత్రి నుంచి బాత్‌రూముకే వెళ్లలేదన్న సంగతి మధ్యాహ్నానికి గానీ మాకు తట్టలేదు. ఆస్పత్రిలో చేర్పిస్తే, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 4.6 వచ్చింది. రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

ఇంత పని ఒక నొప్పి మాత్ర చేస్తుందా అని డాక్టరు గారిని అడిగాను. ఆయన ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రైతు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకది చేలో నీరు పెట్టడంలా అర్థమైంది. నీళ్లు వచ్చే మడవ తెరిచి, పోయే మడవ సగం కట్టి ఉంచితేనే చేలో నీరు నిలుస్తుంది. కిడ్నీలో రక్తం వడకట్టే చోట కూడా అంతే. రక్తం వచ్చే సన్నటి నాళం తెరుచుకుని ఉండాలి, పోయే నాళం కాస్త బిగిసి ఉండాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వచ్చే మడవను మూస్తాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు పోయే మడవను వదులు చేస్తాయి. నీరు తీసే మందూ, విరేచనాలూ కలిసి కాలువలోనే నీళ్లు తగ్గిస్తాయి. విడివిడిగా అయితే తట్టుకునే కిడ్నీ, అన్నీ ఒకేసారి మీద పడితే రెండు మూడు రోజుల్లో చతికిలబడుతుంది. ఇందులో మా అమ్మ చేసిన తప్పు ఏదీ లేదు. చెప్పిన మందు చెప్పినట్టు వేసుకుంది, అంతే.

ఇది చదివి ఎవరూ బీపీ మాత్రలు తమంతట తాము మానెయ్యకండి. మామూలు రోజుల్లో కిడ్నీని కాపాడేవి అవే. వాంతులు, విరేచనాలు, తిండి సయించని జ్వరం వచ్చిన రోజున మాత్రం, ఏవి కొనసాగించాలి, ఏవి నాలుగు రోజులు ఆపాలి అని డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ సంగతి కూడా అప్పుడే అడగాలి. ఈ ముక్క మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా నన్ను చాలా బాధపెట్టింది. ఆర్నెల్ల ముందు అమ్మకు రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.1 వచ్చింది. రిపోర్టులో నార్మల్ అనే ఉంది, మేమూ నిశ్చింతగా ఉన్నాం. కానీ క్రియాటినిన్ కండ నుంచి వచ్చేది. కండ తగ్గిన ముసలివాళ్లలో అది తక్కువగానే తయారవుతుంది కాబట్టి, కిడ్నీ పని తగ్గినా అంకె మాత్రం బాగానే కనిపిస్తుంది. అదే 1.1 ఉన్న 25 ఏళ్ల కుర్రాడికి వయసు, ఆడ మగ తేడా చూసి లెక్క కడితే కిడ్నీ వడపోత సుమారు 95 వస్తుంది. 76 ఏళ్ల మా అమ్మకు 52 వస్తుంది. అంటే విరేచనాలు మొదలయ్యేనాటికే ఆమె కిడ్నీలు దాదాపు సగం బలంతో నెట్టుకొస్తున్నాయి. ఈ లెక్కను ఈజీఎఫ్ఆర్ అంటారు. కొన్ని ల్యాబులు రిపోర్టులో వేస్తున్నాయి, మాకిచ్చిన కాగితంలో లేదు. దానికి వేరే రక్తం తీయక్కర్లేదు, వేరే ఖర్చు లేదు, ఉన్న అంకెతో కంప్యూటరే కట్టే లెక్క. మన కొత్తపేటలో, విజయవాడలో ఉన్న ప్రతి ల్యాబూ దాన్ని క్రియాటినిన్ పక్కనే అచ్చు వేస్తే ఎంత మేలు!

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. వయసు మీద పడేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు పెద్దవాళ్లు కావాలనే తాగడం మానేస్తారు. "రాత్రిళ్లు ఎవరు లేస్తారే" అంటుంది అమ్మ. పెళ్లికి వెళ్తే అక్కడ బాత్‌రూము ఎలా ఉంటుందో అని ముందు రోజు నుంచే తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లకు కింద కూర్చునే మరుగుదొడ్డి ఎంత నరకమో ఇంట్లో మగవాళ్లకు తెలియదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో ఇలా దాహాన్ని చంపుకుని కూర్చునేవాళ్లు మన చుట్టూ ఎందరో. గుండె జబ్బు వల్ల నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ల సంగతి వేరు.

ఆస్పత్రిలో ఉన్న వారంలో పక్క మంచాల వాళ్లను చూశాను. ప్రొస్టేట్ వాచి మూత్రం ఆగిపోయిన పెద్దాయన ఒకరు. కాలి పుండు నుంచి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిన షుగరు పేషెంటు ఇంకొకరు. స్కానింగులో ఎక్కించే రంగు మందు, జెంటామైసిన్, ఎమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కూడా పెద్దవాళ్ల కిడ్నీకి భారమేనని, ముందుగా పరీక్ష చేసి జాగ్రత్తగా ఇస్తారని అక్కడే తెలిసింది.

మన రాష్ట్రంలో కిడ్నీ అనగానే అందరికీ ఉద్దానం గుర్తొస్తుంది. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా తినేసే జబ్బు. ఇది అలా కాదు. రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. తొందరగా పట్టుకుంటే చాలామందిలో చాలావరకు కోలుకుంటుంది కూడా. ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది. చచ్చిన పశువుల్లో మిగిలిన డైక్లోఫెనాక్ వల్ల కిడ్నీలు పాడై రాబందులు కుప్పలుగా చనిపోతున్నాయని తెలిసి 2006లో పశువుల వైద్యానికి ఆ మందు తయారీని మన దేశంలో నిషేధించారు. మనుషులకు అది పనికొచ్చే మందే, నిషేధించమని నేను అనడం లేదు. కానీ అది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. కౌంటర్ మీద చాక్లెట్లు ఇచ్చినట్టు ఇవ్వడం మాత్రం ఆగాలి. మందుల షాపుల వాళ్లను నేను శత్రువులుగా చూడటం లేదు. రాత్రి పదింటికి తలుపు కొడితే మందిచ్చేది వాళ్లే. వాళ్లను వేడుకునేది ఒకటే. వయసు అరవై దాటిందా, బీపీ మాత్ర వాడుతున్నారా, విరేచనాలేమైనా అవుతున్నాయా అని అడగండి. అవునంటే పారాసిటమాల్‌తో సరిపెట్టి డాక్టరు దగ్గరకు పంపండి. ఈ ప్రశ్నలు ప్రతి షాపులో తెలుగులో, కళ్లజోడు లేకపోయినా కనిపించేంత అక్షరాలతో బోర్డు మీద రాయించే పని ఔషధ నియంత్రణ అధికారులు చేయగలరు.

ప్రభుత్వానికి ఇంకా సులువైన దారి ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది పెన్షన్ పట్టుకుని ముసలివాళ్ల గుమ్మంలోకే వస్తున్నారు. ఏప్రిల్ ఒకటిన ఆ డబ్బుతో పాటు ఒక చిన్న కాగితం, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టొచ్చు. కాగితంలో నాలుగు ముక్కలు చాలు. వాంతులు విరేచనాలు అయితే నొప్పి మాత్ర వేయవద్దు. వాడే మందుల్లో ఏది ఆపాలో అదే రోజు అడగండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే ఓఆర్ఎస్ కలిపి తాగండి. మూత్రం బాగా తగ్గినా, మనిషి మగతగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అమ్మ ఇంటికొచ్చింది. క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగింది, పాత అంకెకు రాలేదు. తను వాడే మాత్రల పేర్లు రాసిన చీటీ ఇప్పుడు ఆమె కళ్లజోడు పెట్టెలో ఉంటుంది, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు అదే తీసి చూపిస్తుంది. పెన్షన్ కాగితం సంగతి ప్రభుత్వం ఎప్పుడు ఆలోచిస్తుందో గానీ, పైన రాసిన నాలుగు ముక్కలనూ మీ ఆరోగ్యం పేజీలో కత్తిరించి దాచుకునేలా చిన్న బాక్సు కట్టి మార్చి నెలలోనే వేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పట్టాభిపురం, గుంటూరు